స్ప్లెండర్‌కి పాలిష్ ఏంటండీ?

మా వీధిలో ఈ మాట అడగనివాడు లేడు. బుల్లెట్టుని తుడుచుకుంటే షోకు, స్ప్లెండర్‌ని తుడుచుకుంటే పనిలేనితనం. పాలు పోసే అతని దగ్గర్నుంచి పంతులుగారి దాకా అందరి గుమ్మంలోనూ ఉండే బండికి ఇంత సేవ దేనికని వాళ్ళ అనుమానం. నాది 2008 నాటి స్ప్లెండర్ ప్లస్. నలుపు, దాని మీద ఊదా గీతలు. ట్యాంకు మీద హీరో, హోండా పేర్లు ఇంకా కలిసే ఉన్నాయి. 1984లో చేతులు కలిపిన ఆ రెండు కంపెనీలూ 2010 చివర్లో విడిపోతున్నామన్నాయి. ఇప్పుడు ఆ స్టిక్కరు చెరగకుండా ఉన్న బండి రోడ్డు మీద కనిపిస్తే నేను ఆగి మరీ చూస్తాను. 2023తో పదిహేనేళ్ళు నిండితే ఆర్సీ ఇంకో అయిదేళ్ళకి రెన్యువల్ చేయించాను. అమ్మితే వచ్చేదేముంది? ఇంజన్లో చెప్పుకోదగ్గ లోటు లేదు. ఇంకొన్నేళ్ళు మన గుమ్మంలోనే ఉంటుందని తేలిపోయాక, చూడ్డానికి అంత దీనంగా ఎందుకుండాలి అనిపించింది. సంక్రాంతి ముందు చలిరోజుల్లో, పొద్దుటి పూటలు చూసుకుని పని మొదలుపెట్టాను.

బండి మెరుపు అనగానే అందరూ పాలిష్ డబ్బా పేరు అడుగుతారు. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. మా వైపు బండిని ముసలిదాన్ని చేసేది ఏళ్ళు కాదు, దాని మీద పడేవి. పడినవాటిని గీత పడకుండా దింపగలిగితే సగానికి పైగా పని అయిపోయినట్టే.

ఏం పడతాయో చెబుతాను. మొదటిది ఉప్పు. మాది సఖినేటిపల్లి వైపు, ఉద్యోగం నరసాపురంలో, మధ్యలో వశిష్ట. చించినాడ వంతెన మీదుగా వెళ్ళాలంటే చుట్టూ తిరగాలి కాబట్టి రేవులో పంటు, అంటే బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే పడవ, ఎక్కేయడమే అలవాటు. కిందన అంతర్వేది దగ్గర గోదారి సముద్రంలో కలుస్తుంది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. పంటు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చక్రాలు తడుస్తాయి, ఆ తడి రిమ్ముల మీదే ఆరిపోతుంది. దీనికి తోడు రొయ్యల చెరువులు. మేత బస్తాల వ్యాన్లు, సరుకెత్తుకెళ్ళే లారీలు, ఐసు కరిగి లారీ వెనక నుంచి ధారగా కారే నీళ్ళు. ఆ లారీ వెనక పది నిమిషాలు నడిపితే ప్యాంటు మీదే తెలిసిపోతుంది, బండి సంగతి చెప్పేదేముంది.

వంటింట్లో ఉప్పు జాడీ వానల్లో చెమర్చడం మనందరం చూసిందే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుని తనంతట తానే నీరైపోతుంది. మా దగ్గర తెల్లవారుజామున తేమ అంతకంటే తక్కువగా ఉండే రోజులు వెతుక్కోవాలి. పగలంతా పొడిగా, కంటికి కనపడకుండా కూర్చున్న ఉప్పు రాత్రి మంచుకి నీరై ఇనుములోకి దిగుతుందన్నమాట. బండి కదలకుండా వసారాలో నిలబెట్టి ఉంచినా తుప్పు ఎందుకొచ్చిందని ఆశ్చర్యపోతారు గానీ, తుప్పు పట్టేది ఎక్కువగా నిలబెట్టినప్పుడే.

రెండోది ఊక. పాలకొల్లు దాటి పైకెళ్ళినా, ఇటు మండపేట, రామచంద్రపురం వైపు వెళ్ళినా మిల్లుల గొట్టాల్లోంచి వచ్చే బూడిద కళ్ళల్లో పడని మోటారుసైకిలు మనిషి ఉండడు. ఊకని కాలిస్తే దాని బరువులో అయిదో వంతు దాకా బూడిదే మిగులుతుంది. ఆ బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్ళు సిలికా. ఇసుకలో ఉండేదీ అదే. నూర్పిళ్ళ రోజుల్లో మిషన్ల వెనక లేచే నూగు కూడా ఆ జాతిదే. ఇప్పుడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళే తొందరలో సీటు కింద గుడ్డ లాగి, ట్యాంకు మీద పొడిపొడిగా నాలుగు రుద్దులు రుద్దుతాం కదా, అది తుడవడం కాదు, గీకడం. నా ట్యాంకు మీద సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూస్తే వలయాలు వలయాలుగా సన్నటి గీతలు. ఎండలో ఆ గీతల్లో వెలుగు చెదిరిపోయి నలుపు కాస్తా బూడిదరంగుగా కనిపిస్తుంది. రంగు పోయిందనుకుంటాం. పోలేదు, గీసుకుపోయింది.

ఇంత చదివాక మీరు, "సర్వీసింగ్‌కి ఇచ్చేస్తే పోలా?" అంటారు. ఇచ్చిచూశాను. ఊరి పేరు, షాపు పేరు అనవసరం, ఎక్కడైనా ఇంతే. కుర్రాడు కంప్రెసర్ గన్ను పట్టుకుని మట్టి మీదా, చక్రం మధ్య బేరింగుల మీదా, తాళం రంధ్రంలోనూ ఒకటే జోరుగా కొడతాడు. ఆ జోరుకి బేరింగుల్లోని గ్రీజు వదులుతుంది, వైర్ల సాకెట్లలోకి నీళ్ళు వెళతాయి. నురగ పెట్టి రుద్దే గుడ్డ మాత్రం పొద్దున్నించీ వచ్చిన బళ్ళన్నిటికీ ఒకటే. నా బండి మీద నా ఊరి ఇసుక చాలదని పక్క ఊళ్ళ ఇసుక కూడా. ఆఖర్న ఇంజను మీదా, మడ్‌గార్డుల కిందా డీజిల్ కొడతారు. తళతళా మెరుస్తుంది, కాదనను. సాయంత్రానికి రోడ్డు మీద దుమ్మంతా దానికి అంటుకుంటుంది, రబ్బరు భాగాలు మెల్లగా ఉబ్బుతాయి. మా మెకానిక్ మేస్త్రిని అడిగితే ఉన్న మాట చెప్పాడు. "డీజిల్ కొట్టకపోతే ఒప్పుకోరండి ఆయ్. మెరవకపోతే కడగలేదనేస్తారు. నా బండికి మాత్రం నేను కొట్టనండి."

ఇక నీళ్ళు. ఈ ఒక్కటి కుదిరితే మిగతావన్నీ కుదురుతాయి కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

మా పెరట్లో బోరు ఉంది. ఆ నీళ్ళతో బండి కడిగి ఎండలో వదిలేస్తే అరగంటలో ట్యాంకంతా తెల్లటి చుక్కలు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరారిపోయాక అక్కడే ఉండిపోతాయి. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ దానికి ఉప్పు కూడా తోడు. ఉప్పు దింపుదామని ఉప్పునీళ్ళతో కడగడం ఎందుకు? ఇక కాలవ. కాలవ నీళ్ళు తియ్యనివే. ధవళేశ్వరం నుంచి దిగి వచ్చే గోదారి నీళ్ళే. కానీ అవి ఏడాది పొడుగునా ఒకలా ఉండవు. జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు దిగితే బకెట్టు అడుగున వేలు మందం ఒండ్రు పేరుకుంటుంది. ఆ నీళ్ళు ట్యాంకు మీద పోసి గుడ్డ పెట్టి రుద్దడమూ, గరుకు కాగితం పెట్టి రుద్దడమూ ఒకటే. వేసవిలో కాలవలు కట్టేస్తారు, అప్పుడు ఆ ఊసే లేదు. చలికాలంలో మాత్రం నీళ్ళు తేరుకుని ఉంటాయి, అందుకే ఈ పనికి ఆ రోజులు ఎంచుకున్నాను. వరద రోజుల్లో తప్పకపోతే పటిక తిప్పి రాత్రంతా తేర్చి, పైనున్న నీళ్ళు వంచుకోవాలి. వానాకాలంలో డాబా గొట్టం కింద డ్రమ్ము పెట్టుకుంటే అంతకంటే మంచి నీళ్ళు ఎక్కడా దొరకవు. వాన మొదట్లో డాబా మీది దుమ్ము కొట్టుకొస్తుంది కాబట్టి ఆ నీళ్ళు వదిలేసి పట్టుకోవాలి.

బండిని రేవులో దింపి కడిగే అలవాటు ఇంకా ఉంది. ఓ పక్క గేదెలు, ఓ పక్క బళ్ళు, ఇంకాస్త కింద బట్టలుతికేవాళ్ళు. చూడ్డానికి సందడిగానే ఉంటుంది గానీ ఇంజను ఆయిలు, సబ్బు నురగ ఆ కిందవాళ్ళకే కదా పోయేది. నేను బకెట్లతో తెచ్చుకుని ఇంటి దగ్గరే కడిగాను. ఆఖరి కడుగుకి మాత్రం తాగే నీళ్ళ టిన్ను. ప్లాంటు నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి ఆరినా చుక్కలు పడవు. ఇరవై లీటర్ల టిన్నులో సగం చాలు. బండికి మినరల్ వాటర్ పోస్తున్నాడని మా ఎదురింటి తాతగారు వీధంతా చాటారు. "ఏరా అబ్బాయ్, దానికి బిస్కట్లు కూడా వేస్తున్నావా?" అని అరుగు మీంచి కేకేశారు కూడా.

కడిగే పద్ధతికి వస్తే, ఇంజను చల్లారాక, నీడలో కడగాలి. నీడంటే కొబ్బరిచెట్టు నీడ కాదండోయ్. మా బావగారి బండి ట్యాంకు మీద సొట్ట పిందె రాలి పడ్డదే, కాయ అయ్యుంటే ఏమయ్యేదో. సైలెన్సర్ మూతికి పాలిథిన్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేశాను, తాళం రంధ్రం మీద టేపు అంటించాను. ముందు రుద్దుడేమీ లేకుండా మగ్గుతో పైనుంచి నీళ్ళు ధారగా పోస్తూ పోవడమే. ఎండిన మట్టి నానాలి. మడ్‌గార్డుల లోపల, చైన్ కవర్ కింద, ఫుట్‌రెస్టుల మూలల్లో గట్టిపడిన ఒండ్రు నానడానికి చాలాసేపు పడుతుంది. గోటితో గీరకండి, ఇంకోసారి నీళ్ళు పోయండి.

బకెట్లు రెండు ఉండాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో మంచినీళ్ళు. గుడ్డని షాంపూలో ముంచి ఓ భాగం తుడవడం, మంచినీళ్ళ బకెట్లో జాడించి ఇసుక వదిలించడం, మళ్ళీ షాంపూలో ముంచడం. చదవడానికి చాదస్తంలా ఉంటుంది. అయ్యాక రెండో బకెట్టు అడుగు చూస్తే నమ్ముతారు. అక్కడ కూర్చున్న ఇసుకంతా, ఒకటే బకెట్టు అయ్యుంటే, మళ్ళీ ట్యాంకు మీదికే వచ్చుండేది. పైనుంచి కిందకి రావాలి. ట్యాంకు, డూమ్ (హెడ్‌లైటు చుట్టూ ఉండే తొడుగు), సైడ్ ప్యానెళ్ళు అయ్యాకే ఇంజను, చక్రాలు. కింద వాడిన గుడ్డ పైకి రాకూడదు. బట్టల సర్ఫు, అంట్ల సబ్బు వద్దు. అవి జిడ్డుతో పాటు పాత వ్యాక్సుని కూడా లాగేస్తాయి. వాహనాల షాంపూ దొరికితే సరే, లేదంటే రూపాయి తల షాంపూ ప్యాకెట్టు నయం. కొబ్బరిపీచు మా ఇళ్ళల్లో దేనికైనా వాడతాం. టైర్లకి భేషుగ్గా పనికొస్తుంది, రంగు దరిదాపులకి మాత్రం రానివ్వకండి.

స్ప్లెండర్‌కి ఒక అదృష్టం ఉంది. చైను మొత్తం రేకు కవర్లో ఉంటుంది. మిగతా బళ్ళవాళ్ళు సగం పూట చైను దగ్గరే కూర్చుంటే, మనం కవరు బయట పేరుకున్న జిడ్డు కిరసనాయిలూ, పాత టూత్ బ్రష్షూ పెట్టి తీసేస్తే చాలు. ఒక్కటే జాగ్రత్త, చక్రాల్లో డ్రమ్ము బ్రేకులు కాబట్టి కిరసనాయిలు గానీ, నూనె గానీ చక్రం మధ్యనుండే హబ్బు సందుల్లోంచి లోపలికి దిగకూడదు. లోపల ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనర్లకి నూనె అంటితే బ్రేకు పట్టదు.

తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ మంచిది. లేకపోతే మెత్తబడిన పాత నూలు పంచె, అంచు చింపేసి వాడుకోవచ్చు. అంచులోని జరీ గీతలు పెడుతుంది. రుద్దకుండా గుడ్డని పరిచి, అద్ది, ఎత్తాలి. తర్వాత సైలెన్సర్ కవరు విప్పి, బండి స్టార్ట్ చేసి కాసేపు ఉంచితే సందుల్లో నీళ్ళు ఆరిపోతాయి.

ఇక్కడికి బండి శుభ్రమైంది. అసలు రూపం కూడా బయటపడింది, అంటే తుప్పు. హ్యాండిల్ చివర్లు, షాకబ్జర్ల స్ప్రింగులు, సైలెన్సర్ అడుగు, సైడ్ స్టాండు, అన్నిటికంటే ఎక్కువగా రిమ్ములు. స్పోకు రిమ్ములోకి దిగే చోట ఉండే చిన్న నట్టు చుట్టూ గోధుమరంగు వలయం. వెనక చక్రానికి మరీను.

క్రోమ్ అంటే మందంగా ఉంటుందని అనుకునేవాణ్ణి. ఇనుము మీద నికెల్ పూత, దాని మీద క్రోమ్ పూత. మెరుపిచ్చే ఆ పై పూత మైక్రాన్ మందం కూడా ఉండదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాంట్లో కంటికి ఆనని పగుళ్ళూ, రంధ్రాలూ ఉంటాయి. ఉప్పునీరు వాటిలోంచి దిగి కింది ఇనుముని తింటుంది, తుప్పు సూదిమొన చుక్కలుగా పైకి వస్తుంది. కాబట్టి మీకు కనిపించే చుక్క లోపల జరిగినదానికి ఆనవాలు మాత్రమే. స్టీలు పీచు పెట్టి గీకితే చుక్కతో పాటు క్రోమ్ కూడా పోతుంది, వచ్చే వానాకాలానికి చుక్కలు మచ్చలవుతాయి.

దీనికి నాకు బాగా పనిచేసింది బిర్యానీ పార్శిలుకి చుట్టే సిల్వర్ ఫాయిల్. అరచేతిలో పట్టేంత ముక్క చింపి, నలిపి, నీళ్ళలో తడిపి తుప్పు మీద మెల్లగా రుద్దాలి. అల్యూమినియం క్రోమ్ కంటే చాలా మెత్తన, అందుకని క్రోమ్‌ని గీయలేదు. తుప్పుని మాత్రం లేపుతుంది. రుద్దుతుంటే వేళ్ళ కింద మొదట గరగరలాడుతుంది. బూడిదరంగు ముద్ద ఒకటి తయారై వేళ్ళకి అంటుతుంది. ఆ గరగర తగ్గి ఫాయిల్ జారడం మొదలైతే అక్కడ పని అయినట్టు. తడిగుడ్డతో ముద్ద తుడిచేస్తే కింద మెరుపు కనిపిస్తుంది, మధ్య మధ్య నల్లటి చిన్న గుంటలతో. ఆ గుంటలు పోవు. అక్కడ క్రోమ్ ఉంటే కదా. రిమ్ము అంటే ఒక్కొక్క స్పోకు మొదలూ విడివిడిగా చెయ్యాలి. ఫాయిల్ ముక్కని సన్నగా మెలిపెట్టి స్పోకు చుట్టూ తిప్పి, రెండు కొసలూ పట్టుకుని ఇటూ అటూ లాగడం. విసుగొచ్చే పనే, రేడియో పెట్టుకోండి. మా అమ్మాయి కాసేపు సాయం కూర్చుని, "నాన్నా, ఇన్ని పుల్లలెందుకు పెట్టారు దీనికి?" అని లేచిపోయింది.

తుప్పు దింపగానే ఆ చోటు ఒట్టి ఇనుము. అలా వదిలేస్తే రాత్రి మంచుకే మళ్ళీ ఎర్రబడుతుంది. బాగా ఆరబెట్టి, అదే పూట వ్యాక్స్ రాయాలి. కనపడని చోట్ల, అంటే స్టాండు కీలు, స్ప్రింగు లోపలి వరసలు, బోల్టు తలలకి కుట్టుమిషను నూనె పలచగా రాసి గుడ్డతో అద్దేశాను. మా వైపు దేనికైనా కొబ్బరినూనే మందు కాబట్టి అది రాయమన్నవాళ్ళు ఉన్నారు. చలికి పేరుకుంటుంది, దుమ్ము పట్టి జిగురుగా తయారవుతుంది. తలకి రాసుకోండి.

హబ్బులు అల్యూమినియంవి, వాటి మీద తెల్లటి బూజులాంటి పొర వస్తుంది. ఇత్తడి సామాన్లు తోమే బ్రాసో కొద్దిగా పెట్టి రుద్దితే పోతుంది, ఆనక నీళ్ళతో బాగా కడిగేయాలి. దాన్ని రంగు మీద పెట్టకండి. ఇత్తడి చెంబుకి చింతపండు పనిచేస్తుంది కదా అని దాన్నీ తెచ్చేవాళ్ళు ఉంటారు. పులుపు క్రోమ్ గుంటల్లోకి దిగి కూర్చుంటుంది, వద్దు.

ఇప్పుడు ట్యాంకు. రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్, వ్యాక్స్ మూడూ ఒకటే అనుకుని ఏదో ఒకటి కొనేస్తారు. కాంపౌండ్‌లో రాపిడి పొడి ముతకగా ఉంటుంది, పాలిష్‌లో సన్నగా. రెండూ పై పొరని కొద్దికొద్దిగా అరగదీసి గీతల్ని చదును చేస్తాయి. వ్యాక్స్ ఏమీ తియ్యదు, పైన పొర వేస్తుంది. రంగు మీదుండే ఆ పారదర్శకపు పూత తల వెంట్రుక మందం కంటే తక్కువే, అరగదీసింది మళ్ళీ రాదు. అందుకని సంక్రాంతికోసారి, దసరాకోసారి కాంపౌండ్ పెట్టించుకునేవాళ్ళని చూస్తే నాకు జాలి. ఈ పదిహేనేళ్ళలో నా ట్యాంకుకి ఇదే మొదలు.

గీత మీద గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుంటే అది పాలిష్‌తో పోదు, వదిలెయ్యండి. తట్టుకోకపోతే ప్రయత్నించొచ్చు. ముందు సీటు కిందికి పోయే అంచున, ఎవరికీ కనపడని చోట కొంచెం పెట్టి చూశాను. గుడ్డకి రంగు అంటితే పైపూత లేదని అర్థం, అక్కడితో ఆపెయ్యాలి. నాకు అంటలేదు. ముతక కాంపౌండ్ జోలికి పోకుండా సన్న పాలిష్‌ని పొడిగా ఉన్న గుడ్డ మీద చిటికెడంత తీసుకుని, అరచెయ్యి మేర చోటులో, ఎక్కువ బలం పెట్టకుండా ముందుకీ వెనక్కీ రుద్దాను. ఓ చోటు అయ్యాకే ఇంకో చోటు. ట్యాంకు అంచుల దగ్గర, మడతల దగ్గర పూత పలచగా ఉంటుంది, అక్కడ చెయ్యి తేలిగ్గా పోనివ్వాలి. స్టిక్కరు అంచులు నా అసలు భయం. ఊదా గీతల చివర పాలిష్ చేరితే తెల్లగా గడ్డకడుతుంది, అడ్డంగా రుద్దితే అంచు లేస్తుంది. అందుకని అంచుల మీద పెయింటర్లు వాడే కాగితం టేపు అంటించి, స్టిక్కరు మీద చెయ్యి వేయకుండా కానిచ్చాను. హీరో హోండా అక్షరాలు ఒక్కసారి లేచాయంటే ఆ పాత స్టిక్కరు మళ్ళీ ఎక్కడ వెతకను?

గీతలన్నీ పోలేదు. టార్చి వేస్తే ఇప్పటికీ కొన్ని కనిపిస్తాయి. ఎండలో మాత్రం నలుపు నలుపులా ఉంది.

డూమ్ మీద, ఇండికేటర్ల ప్లాస్టిక్ మీద టూత్‌పేస్టు రుద్దమంటారు. దాంట్లోనూ సన్నటి రాపిడి పొడే ఉంటుంది కాబట్టి మసకబారిన ఇండికేటర్ కప్పుకి పనిచేసింది. డూమ్ రంగు వేసిన భాగం, దానికి వద్దు.

వ్యాక్స్ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది తేలికైన పని. నేను కొన్న డబ్బా మీద కార్నౌబా అని రాసుంది. బ్రెజిల్‌లో పెరిగే ఓ చెట్టు ఆకుల మీది మైనం అది. ఆ చెట్టు మన కొబ్బరికి దూరపు చుట్టమే, రెండూ తాటి కుటుంబానివి. ఎండకి తట్టుకోవడానికి ఆ చెట్టు ఆకుకి రాసుకునే పూత మన ట్యాంకుకి వస్తోందన్నమాట. 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు కాబట్టి రోహిణి ఎండలకి భయం లేదు. పలచగా రాసి, పొగమంచులా తెల్లబడ్డాక ఇంకో శుభ్రమైన గుడ్డతో తుడిచెయ్యాలి. మందంగా రాస్తే ఎక్కువ రోజులు ఉంటుందనుకోవడం భ్రమ, తుడవడానికి చేతులు పీకుతాయి, అంతే. గరుకుగా ఉండే నల్ల ప్లాస్టిక్ మీద పడితే తెల్ల మరక దిగబడుతుంది. షాంపూ, పాలిష్, వ్యాక్స్, గుడ్డలు అన్నీ కలిపినా వెయ్యి దాటలేదు.

సీటుకి తడిగుడ్డ చాలు. మా బావగారు ఓ దసరాకి సీటు రెక్సిన్ నిగనిగలాడాలని నూనె రాశారు. రాజోలు వెళ్తుంటే గేదె అడ్డొచ్చి బ్రేకు వేసేసరికి వెనకున్న మా అక్క జారి ఆయన వీపు మీద పడింది. ఆయన ట్యాంకు మీదికొచ్చేశారు. "ఇంకోసారి దీనికి నూనె రాస్తే నువ్వొక్కడివే తిరుగు" అంది మా అక్క. టైరు నేలకి ఆనే చోట కూడా మెరుపు కోసం ఏదీ పుయ్యకూడదు, కారణం అదే.

దసరా అనగానే ఇంకోటి గుర్తొచ్చింది. వాహన పూజకి తడి పసుపు, కుంకుమ నేరుగా ట్యాంకు మీద పెడితే మరక దిగుతుంది. మేము డూమ్ అద్దం మీద, నంబరు ప్లేటు దగ్గర బొట్టు పెట్టి, దండ హ్యాండిల్‌కి వేస్తున్నాం. దండ కట్టిన తీగ ట్యాంకుకి రాసుకోకుండా చూసుకుంటే చాలు. దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు లేదు, మా అమ్మే కాస్త గొణిగింది.

ఇప్పుడు నా అలవాట్లు మారాయి. పొడిగుడ్డ సీటు కింద లేదు, తీసేశాను. పంటు దిగి ఇంటికి చేరాక రిమ్ముల మీదా, సైలెన్సర్ కిందా రెండు మగ్గులు మంచినీళ్ళు పోస్తాను. పిల్లలు గొడవచేస్తే అంతర్వేది ఇసుక మీదికి బండి తీసుకెళతాను గానీ ఆ రాత్రే కడగాల్సిందే, రేపు చూద్దాం అనేది లేదు. కాకి రెట్ట కనిపిస్తే నీళ్ళు పోసి నానబెట్టి తీస్తాను, ఎండలో ఉంచితే పూతని తింటుంది. వానల్లో బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పడం మానేశాం. లోపల తేమ చేరి, బయట ఉన్నదానికంటే ఎక్కువ తుప్పు పడుతుంది. గుడ్డ కవరు, అదీ వాన వెలిశాక తీసి ఆరేస్తాం. పశువుల కొట్టంలో పెట్టడమూ బందు. మూత్రపు ఘాటు, నేల తేమ రెండూ ఇనుముకి శత్రువులే. ఇంట్లో చోటు తక్కువై కొట్టంలో పెట్టుకునేవాళ్ళు కింద చెక్క పలక వేసుకుంటే కొంత నయం.

నీళ్ళు పోసినప్పుడు బొట్లు విడివిడిగా నిలబడి జారిపోతున్నంత కాలం వ్యాక్స్ ఉన్నట్టు. పరుచుకుపోతుంటే మళ్ళీ రాసే వేళయినట్టు. మా ఉప్పుగాలికి డబ్బా మీద రాసినన్ని నెలలు ఉండదు, ఆ లెక్క ఎక్కడి వాతావరణానిదో మరి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఆ బండి మీదే వెళ్ళాను. ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే జనం భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన అలంకారపు చట్రాలు, పొలాలకి అడ్డంపడి, కాలవలో దిగి వస్తుంటే చూసే జనం తాకిడికి అక్కడ ఏ బండీ మెరుపుతో మిగలదు. మడ్‌గార్డుల నిండా బురదతో తిరిగొచ్చి నీళ్ళు పోస్తే, కిందటేడు గోకి గోకి తీయాల్సిన బురద ఈసారి చాలావరకు పోసిన నీళ్ళతోనే జారిపోయింది.

మిగిలింది వెనక రిమ్ము. ముందుది ఫాయిల్‌తో నిలబడింది గానీ, వెనకదాన్లో గుంటలు లోతుగా ఉన్నాయి. రుద్దిన నెలకే రెండు చోట్ల మళ్ళీ ఎర్రబడింది, వ్యాక్స్ కింద నుంచే. మేస్త్రి చూసి, "ఇది రుద్దితే లొంగే తుప్పు కాదండి. రిమ్మూ, స్పోకులూ కొత్తవి తెప్పించి నేను బిగించేస్తాను, పాత హబ్బు ఉంచేద్దాం" అన్నాడు. తీసుకురమ్మన్నాను. కొత్త రిమ్ము బిగించకముందే, చేతిలో ఉండగానే లోపలి వైపు కూడా వ్యాక్స్ పట్టించాలి. టైరు ఎక్కాక ఆ చోటికి చెయ్యి వెళ్ళదు.